రోహిణి పిల్లకు మృగశిర పేరు

ఇరవై ఏళ్ళుగా నేనొక నిమిషాన్ని మోస్తున్నాను. నిమిషానికి బరువేముంటుంది అంటారేమో. నేనూ అలాగే అనుకుని జేబులో వేసుకున్నాను. అది పెరిగింది. ఇప్పుడు బియ్యం బస్తా అయి కూర్చుంది. ఎక్కడైనా దించుదామంటే, దించే చోట ఎవరిదో ఒకరి కాలు ఉంటుందని భయం. మీ పేరు నాకు తెలియదు. నా పేరు మీకు చెప్పను. అందుకే మీ ముందు దించుతున్నాను.

ముందుగా నా తెలివితక్కువతనం ఒప్పుకుంటాను. అది చిన్న నేరం, గొంతు సవరించుకోవడానికి పనికొస్తుంది.

నేను జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాను. లెక్కలు వచ్చినవాడికి అన్నీ వచ్చుననే జబ్బు ఒకటుంది, నాకది వయసులోనే పట్టుకుంది. తిథి, నక్షత్రం, లగ్నం, ఇవన్నీ ఆకాశంలో కోణాలే కదా, అయ్యగార్లు నోటి లెక్కన చెప్పేది నేను కాగితం మీద తేలుస్తానని పంచాంగం పట్టుకున్నాను. పొద్దున క్లాసులో సంభావ్యత చెప్పి, సాయంత్రం ఇరుగుపొరుగు వాళ్ళకు పెళ్ళి పొంతనలు చూసేవాణ్ణి. అడిగినవాళ్ళకు ప్రారబ్ధం గురించి, పురుష ప్రయత్నం గురించి ఉపన్యాసం కూడా ఉచితం. గ్రహాలన్నీ నాకు తెలుసు. గ్రహించింది మాత్రం ఏమీ లేదు.

అసలు తెలివితక్కువతనం అది కాదు. నేను ఒక పసిపిల్లకు భయపడ్డాను. మీసాలున్న మనిషిని, వంద మంది పిల్లల్ని ఒక్క చూపుతో కూర్చోబెట్టేవాణ్ణి, బొడ్డూడని పిల్లకు భయపడి జిల్లా దాటి పారిపోయాను. ఆ పిల్ల మా అక్క కూతురు. పేరు వెన్నెల.

అక్కను సుల్తానాబాద్‌లో ఇచ్చాం. అక్క మామగారిని ఊళ్ళో అందరూ పెద్దపటేల్ అంటారు. పొలాలున్నాయి, రైసుమిల్లు ఉంది, వాటి కంటే పెద్ద గొంతు ఉంది. ముహూర్తం లేకుండా ఆయన ట్రాక్టర్ తాళం కూడా తిప్పడు. బావ మంచివాడు; తండ్రి ముందు నోరు తెరవడు, తండ్రి లేనప్పుడు తెరవాల్సిన అవసరం రాదు.

అక్కకు చాలా ఏళ్ళకు కడుపు పండింది. కరీంనగర్‌లో చూపిస్తే, కాన్పు మామూలుగా కాదు, ఆపరేషన్ చేయాలన్నారు. మా వైపు ఇది మీకూ తెలిసిన సంగతే. ఆపరేషన్ అని తేలగానే ఇంట్లో ఒకరు రక్తం కోసం పరుగెత్తుతారు, ఇంకొకరు ముహూర్తం కోసం. పూర్వం పిల్లలు పుట్టాక జాతకం రాసేవారు. ఇప్పుడు జాతకం రాసి పెట్టుకుని పిల్లల్ని అందులోకి దింపుతున్నారు.

"బయటి అయ్యగారెందుకు? మన లెక్కల సారు లేడా!" అన్నాడు పెద్దపటేల్.

నేను పొంగిపోయాను. అక్కాబావలు కాదు, డాక్టర్ కాదు, నేను. ఒక మనిషి ఎప్పుడు ఈ లోకంలోకి రావాలో నేను చెప్పబోతున్నాను. బ్రహ్మకు ఆ రోజు నేనే అసిస్టెంట్‌ని.

డాక్టరమ్మ ఇచ్చిన రోజుల్లో ఒకటి ఎంచుకున్నాను. ఆ రోజు మధ్యాహ్నం దాకా రోహిణి నక్షత్రం, ఆ తర్వాత మృగశిర. రోహిణి సంగతి తెలియనివాళ్ళకు చెబుతాను. అది దేవుడు పుట్టిన నక్షత్రం. పుట్టిన పిల్లకు అన్నీ మంచివే. ఒక్క మేనమామకే గండం. ఆ దేవుడి మేనమామకు ఏమైందో బడికి పోని పిల్లలకు కూడా తెలుసు. అందుకే రోహిణిలో పుట్టిన పిల్లను మేనమామ నేరుగా చూడకూడదంటారు. శాంతి చేయించి, పళ్ళెంలో నూనె పోసి, ఆ నూనెలో ముందు పిల్ల ముఖం నీడ చూడాలి. ఆ తర్వాతే పిల్లను.

మరి అంత అంచున ఎందుకు పెట్టావంటారా? నేను కోరుకున్న లగ్నం అక్కడ దొరికింది. రోహిణి దాటగానే, మృగశిర మొదట్లోనే, వైద్యం చేసేవాళ్ళకు ఉండాల్సిన యోగమంతా ఒక్కచోట కుప్పపడి ఉంది. పటేల్ ఇంట్లో డాక్టర్ పుడుతుందని చెప్పాలని నాకు నోరు దురద. మా అవ్వ, అంటే మా అమ్మ, ఒక్కతే అడ్డం చెప్పింది. "రోహిణి పక్కపొంటి పోకురా కొడుకా, దాని కొంగు తాకుతది." నేను నవ్వాను. "అవ్వా, లెక్క నాది" అన్నాను.

ఆపరేషన్ రోజు పెద్దపటేల్ నన్ను థియేటర్ తలుపు ముందు కుర్చీలో కూర్చోబెట్టి, "సారూ, గడియారం కాడికెల్లి కదలకు" అని చెప్పి, ఇంకా టైం ఉందని అందరినీ వెంటబెట్టుకుని హోటల్‌కు పోయాడు. అవ్వ గుడికి పోయింది. నేను, నా వాచీ మిగిలాం.

తలుపు తెరుచుకుంది. డాక్టరమ్మ స్వయంగా వచ్చింది. లోపల పిల్ల గుండె కొట్టుకోవడం తగ్గుతోందని, ఆగేది లేదని, ఇప్పుడే చేస్తున్నామని చెప్పింది.

అక్కడ నేనొక మాట అన్నాను. దాన్ని తర్వాత చెబుతాను. మన్నించండి, తప్పించుకోవడం కాదు. పెన్ను అక్కడిదాకా పోయి ఆగిపోతోంది.

తలుపు మూసుకుంది. కొంతసేపటికి ఏడుపు వినిపించింది. సన్నగా, కోపంగా, పిలవకుండా వచ్చిన చుట్టంలా. వాచీ చూసుకున్నాను. చంద్రుడు ఇంకా రోహిణిలోనే ఉన్నాడు. నా లెక్కే. అటూ ఇటూ జరపడానికి సందు లేని లెక్క. లెక్కలు రానివాణ్ణయితే ఆ పూట నన్ను నేను మోసం చేసుకుని హాయిగా ఉండేవాణ్ణి.

మూతి తుడుచుకుంటూ అందరూ తిరిగి వచ్చేసరికి ముహూర్తం వేళ అయింది. బిడ్డను ఇంకా బయటికి తేలేదు. అక్క మత్తులో ఉంది.

"అయిందా సారూ?" పెద్దపటేల్.

"అయింది. ఇప్పుడే. సరిగ్గ మన టైంకే."

ఇంతే. ఈ మాత్రం మాటకు ఇరవై ఏళ్ళా అంటే ఇరవై ఏళ్ళే. పెద్దపటేల్ నాకు రెండు చేతులెత్తి దండం పెట్టాడు. ఆయన దేవుడికి కూడా ఒంటి చేత్తో పెట్టే మనిషి. అంతలో ఆస్పత్రి ఆయమ్మ గుడ్డలో చుట్టిన బిడ్డను తెచ్చి, "మేనమామ ఎవరు? పట్టున్రి ముందుగాల" అని నా చేతుల్లో పెట్టింది. పళ్ళెం లేదు, నూనె లేదు. ఆ పిల్ల ఒక కన్ను తెరిచి నా వైపు చూసింది. అప్పుడే పుట్టిన పిల్లలకు ఏమీ కనిపించదంటారు. నాకు మాత్రం అన్నీ చూసినట్టే అనిపించింది.

ఎందుకు చెప్పలేదు? చెబితే ఏమయ్యేది? ఒక శాంతి, ఒక పళ్ళెం నూనె, నాలుగు నవ్వులు. పిల్ల ప్రాణం కోసం ముందే తీశారంటే ఎవరు తప్పు పడతారు? నా లెక్క తప్పిందని పరువు పోతుందనుకున్నానా? అదీ ఉంది. కానీ ముహూర్తం ముందుకు జరిగిందని చెప్పాలంటే తలుపు దగ్గర జరిగింది చెప్పాలి. తలుపు దగ్గర జరిగింది చెప్పాలంటే నేనన్న మాట చెప్పాలి. ఆ మాటను దాచడానికి నిమిషాన్ని దాచాను. నిమిషాన్ని దాచడానికి మనిషిని దాచుకోవాల్సి వచ్చింది.

మృగశిర మొదటి పాదానికి 'వె' అక్షరం వస్తుంది కాబట్టి పేరు వెన్నెల అన్నారు. చంద్రుడికి తన భార్యలందరిలోకీ రోహిణి అంటేనే ప్రేమ అని కథ. నా అబద్ధానికి పెట్టిన పేరులోంచి కూడా నిజం వెలుగు బయటికి వస్తూనే ఉంది. ఎవరూ చూడలేదు. జాతకం నేనే రాశాను. లగ్నం మారితే పన్నెండు ఇళ్ళూ పక్కకు జరుగుతాయి; వైద్యం ఉండాల్సిన ఇంట్లో ఇంకెవరో అద్దెకు దిగుతారు. అది తెలిసి కూడా, "ఇది డాక్టర్ జాతకం" అని పటేల్‌కు చదివి వినిపించాను. ఆయన ఆ రోజునుంచి మనుమరాలిని "డాక్టరమ్మా" అనే పిలిచాడు. ఆ పిల్లకు అప్పటికి మెడ నిలబడలేదు.

ఇక నా భయం సంగతి. నమ్మనివాడికి భయం ఎందుకు? నాకూ అర్థం కాలేదు. పొద్దున నమ్మను, సాయంత్రం నమ్ముతాను. మధ్యలో మోటార్‌సైకిల్ మీద పోతున్నప్పుడు మాత్రం గట్టిగా నమ్ముతాను. బదిలీ పెట్టుకున్నాను. ఆదిలాబాద్ జిల్లా ఇచ్చోడ. అందరూ అటునుంచి ఇటు రావడానికి సిఫారసులు వెతుక్కుంటుంటే, నేను ఇటునుంచి అటు పోవడానికి వెతికాను. అక్కడి పిల్లలకు నా సేవ కావాలన్నాను. అందరూ మెచ్చుకున్నారు. ఒక పసిపిల్ల చేతికి అందనంత దూరమే నాకు కావలసిన సేవ.

పుట్టువెంట్రుకలు తీసేటప్పుడు మొదటి కత్తెర మేనమామదే. నాకు పరీక్ష డ్యూటీ పడిందన్నాను. చెవులు కుట్టేటప్పుడు పిల్ల మేనమామ ఒళ్ళో కూర్చోవాలి. జ్వరమన్నాను. ఆ అబద్ధానికి గ్రహాలు కూడా నవ్వుకుని ఉంటాయి, మరుసటి రోజు నిజంగానే జ్వరం వచ్చింది. ఇచ్చోడ చౌరస్తాలో నన్ను కుక్క కరిస్తే, అదే వారం వెన్నెల నడవడం నేర్చుకుందని అక్క ఫోన్‌లో చెప్పింది. నేను రెండింటినీ కలిపి కూడిక వేశాను. లెక్కల మాస్టర్ని కదా, కూడటం వచ్చు.

ఏళ్ళు గడిచాయి. నాకేమీ కాలేదు. గండం ఎప్పుడో తప్పిపోయిందనే అనుకున్నాను.

ఈ మధ్య ఒక ఆదివారం మధ్యాహ్నం తలుపు కొట్టిన చప్పుడయితే తీశాను. వెన్నెల. ఒక్కతే వచ్చింది, కరీంనగర్ దాకా ఒక బస్సు, అక్కణ్ణించి ఇంకో బస్సు. చేతిలో జామకాయల సంచి. మెడికల్ సీటు కోసం లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో ఏళ్ళు పోయాయి, ఈ యేడూ రాలేదు, ఆ సంగతి నాకు అక్క చెప్పే ఉంది. పిల్ల చిక్కిపోయింది. కుర్చీలో కూర్చోకుండా గడప పక్కన గోడకు ఆనుకుని కూర్చుంది.

"మామా, ఒక్కటి అడుగుత. తాతకు చెప్పొద్దు. నా జాతకం మంచిదేనా?"

"మంచిదే."

"జర మంచిగ చూసి చెప్పు. ఏడనన్న శని గిని, రాహువు గీహువు, ఏదన్న ఉన్నదా?"

"లేదు బిడ్డా. ఎందుకు?"

"మా దోస్తు లేదూ, నాతోని కోచింగుల ఉండె. దానికి ఏల్నాటి శని నడుస్తున్నదట. సీటు రాకపోతే వాళ్ళమ్మ నెత్తి నిమిరి, నీ తప్పేం లేదు బిడ్డా, శని ఇడిసినంక అదే వస్తదన్నది. ఇద్దరు కలిసి శనికి తిట్లు తిట్టుకున్నరు." నవ్వబోయింది. "నాకు తిడ్దామంటే శని సుత లేకపాయె మామా. తాత రోజు చెప్తడు, గింత మంచి జాతకం జిల్లాల ఎవలకు లేదని. మరి గింత మంచి జాతకం పెట్టుకొని సుత రాలేదంటే, తప్పు నాదే గద?"

నేను జామకాయల సంచి అందుకుని బల్ల మీద పెట్టాను. ఆమె మళ్ళీ అంది:

"వ్యవసాయం డిగ్రీల సీటు వచ్చేటట్టున్నది. నాకు గదే మంచిగనిపిస్తది. తాత వద్దంటుండు. డాక్టర్ జాతకం పెట్టుకొని బురదల దిగుతవా అంటుండు. మల్ల కోచింగుకే పొమ్మంటుండు. నువ్వు చెప్పు మామా. నేను మొండిచేత్తున్ననా? నా మనసే సక్కగ లేదా?"

అదీ సమయం. ఆకాశంలో ఏ గ్రహమూ నా నోరు మూయలేదు. నేను కాస్త ముందుకు వంగి, ఉపన్యాసం గొంతుతో అన్నాను:

"జాతకం విత్తనం అసొంటిది బిడ్డా. దున్నుడు మనదే ఉంటది. ప్రయత్నంల యాడనో లోపం ఉండొచ్చు. ఇంకొక్కసారి చూడు."

"సరే మామా."

అంత మెల్లగా ఎవరైనా సరే అనడం నేనెప్పుడూ వినలేదు. చాయ్ తాగింది. గ్లాసు కడిగి పెట్టింది. చెప్పులు వేసుకుంటూ, "నువ్వెందుకు మామా మా ఇంటికి రావు? నా చెవులు కుట్టినప్పుడు సుత తాత ఒళ్ళెనే కూసున్ననట" అంది. పనులుంటాయన్నాను. మళ్ళీ అదే సరే. బస్సెక్కించి వచ్చాను. జామకాయలు బల్ల మీద ఉన్నాయి. వాటిని తినలేదు, పారేయలేదు. అవే మగ్గి, ఇల్లంతా వాసన వేసి, చివరికి ఈగలు పట్టాయి.

తర్వాత అక్క ఫోన్. "తమ్మీ, పిల్ల పరేషాన్ చేస్తున్నదిరా. లొల్లి పెట్టినా మంచిగుండు. ఏది చెప్తే దానికి సరే అంటున్నది. తింటవా అంటే సరే, వద్దా అంటే సరే. మల్ల కోచింగుకు పోతవా అని వాళ్ళ తాత అడిగితే సరే అన్నది. మొన్న అద్దం ముంగట నిలబడి, అవ్వా, నా లోపల ఏం చెడిపోయింది అని అడిగిందిరా."

ఆ రోజునుంచి నాకు నిద్ర లేదు అనను. నిద్ర వచ్చింది. అదే సిగ్గు.

నేనెప్పుడూ అనుకునేవాణ్ణి, జాతకాలు మనిషి స్వేచ్ఛను లాక్కుంటాయని, చెడ్డ జాతకం మనిషిని కుంగదీస్తుందని. మంచి జాతకం ఏం చేస్తుందో నాకు తోచనే లేదు. మా పేదవాళ్ళు, ఓడిపోయినవాళ్ళు, పంట పోయినవాళ్ళు నుదుటి మీద చెయ్యి వేసుకుని "రాత" అంటారు. ఆ మాట చాటున కాసేపు కూర్చుని, చెమట తుడుచుకుని, మళ్ళీ లేస్తారు. అది మూఢనమ్మకమే కావచ్చు. కానీ ఎండలో అదొక నీడ. నేను ఈ పిల్లకు మచ్చలేని రాత రాసిచ్చి, ఆ నీడను తీసేశాను. ఓడిన ప్రతిసారీ ఆమెకు దొరికే దోషి ఒక్కరే, ఆమే.

నాకు మాత్రం నీడ కావలసినంత ఉంది. చూడండి నా తెలివి. నా అబద్ధం కూడా ఆ పిల్ల ప్రారబ్ధంలో ఉన్నదేనేమో, నేను నిమిత్తమాత్రుణ్ణేమో అని వాదించుకున్నాను. ఉత్తరంలో చెడు వార్త ఉంటే పోస్ట్‌మ్యాన్‌ది తప్పా? బాగానే ఉంది వాదన. కానీ పోస్ట్‌మ్యాన్ ఉత్తరం రాయడు కదా. ఇంకో వైపునుంచి చూశాను. ఇరవై ఏళ్ళు ఆ పిల్ల తనది కాని జాతకం కింద బతికింది. గ్రహాలు నిజమైనవైతే అవి అసలు నిమిషాన్నే లెక్కలోకి తీసుకుంటాయి, నా కాగితాన్ని కాదు. మరి ఆమెను ఆ కోచింగ్ గదుల్లోకి నెట్టిందెవరు? శని కాదు, కుజుడు కాదు. నేను చదివాను, పటేల్ నమ్మాడు, బావ నోరు మూసుకున్నాడు, అక్క టిఫిన్ డబ్బా కట్టింది. మనుషులమే, మా చేతులతోనే. సుల్తానాబాద్‌లో ఏ రైతునడిగినా చెబుతాడు: కాలువ నీళ్ళు ఎప్పుడొస్తాయో మన చేతిలో లేదు, ఒడ్డు తెంపి మడిలోకి మళ్ళించుకోవడం మన చేతిలో ఉంది. నేను వేదిక ఎక్కి విధి గురించి, స్వేచ్ఛ గురించి మాట్లాడినప్పుడల్లా ఈ పోలికే చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను. ఆ పిల్ల మడికి నీళ్ళు రాకుండా ఒడ్డు మీద కూర్చున్నది నేనే.

గండం మాట కూడా చెప్పాలి. అది నిజమే అయింది. రోహిణి ఎవరినీ వదలదు. ఆ పిల్లకు మేనమామ లేకుండా పోయాడు. మనిషి బతికే ఉన్నాడు, ఇచ్చోడలో జీతం తీసుకుంటున్నాడు. కానీ కత్తెర పట్టాల్సినవాడు, ఒళ్ళో కూర్చోబెట్టుకోవాల్సినవాడు ఎప్పుడో పోయాడు. చంపింది పిల్ల కాదు.

ఇప్పుడు ఆ తలుపు దగ్గరి మాట.

పిల్ల గుండె తగ్గుతోంది, ఇప్పుడే చేస్తున్నాం అని డాక్టరమ్మ అన్నప్పుడు, నా కళ్ళు వాచీ మీదికి పోయాయి. రోహిణి. నా మేనకోడలు గుర్తుకు రాలేదు, అక్క గుర్తుకు రాలేదు. నేను గుర్తుకొచ్చాను. నేను అన్నాను:

"మేడం, ఇంకొంచెం సేపు ఆగరాదా?"

ఆమె నన్ను ఒక్క క్షణం చూసింది. "ఆగితే ఏది ఆగుతదో ఎరుకేనా మీకు?" అని, తలుపు నా ముఖం మీద వేసింది.

ఆమె నా మాట వినలేదు కాబట్టి వెన్నెల ఉంది. విని ఉంటే? ఆ ప్రశ్న దగ్గరికి నేను ఇరవై ఏళ్ళలో ఒక్కసారి కూడా పూర్తిగా పోలేదు. తక్కెడలో ఒక వైపు పిల్ల ప్రాణం, ఇంకో వైపు నేను నమ్మీ నమ్మని ఒక గండం. అంత సులువైన లెక్క ఏ విద్యార్థికీ ఇవ్వరు. నేను తప్పు చేశాను. అప్పుడు నన్నెవరూ బలవంతపెట్టలేదు. విధి ఉందో లేదో నాకిప్పటికీ తెలియదు గానీ, ఆ మాట అన్నది మాత్రం నేనే. నా నోటితో. నా ఇష్టంతో.

అక్క ఫోన్ వచ్చిన వారానికి సుల్తానాబాద్ పోయాను. పంచాంగం చూసి, ఏ పనీ మొదలుపెట్టకూడని వేళ వెతికి మరీ బయలుదేరాను. చెడ్డ టైం కోసం కూడా పంచాంగమే చూశానని బస్సెక్కాక గానీ తట్టలేదు. అలవాటు అలాంటిది.

పెద్దపటేల్ వరండాలో కుర్చీలో ఉన్నాడు. ముసలివాడయ్యాడు, గొంతు మాత్రం కాలేదు. అక్క, బావ పక్కనే ఉన్నారు. వెన్నెల నీళ్ళ గ్లాసు తెచ్చింది. ఆమె ఇస్తుంటేనే చెప్పేశాను. పిల్ల ముహూర్తానికి పుట్టలేదని, నేను అబద్ధమాడానని, ఆ జాతకం ఈమెది కాదని. గ్లాసు ఆమె చేతిలోనే ఉండిపోయింది.

అక్క "తమ్మీ" అని మాత్రం అంది. ఆ పిలుపు కొట్టినట్టే తగిలింది.

పెద్దపటేల్ లేచాడు, కూర్చున్నాడు, మళ్ళీ లేచాడు. "నీకు దండం పెట్టిన గదరా!" అన్నాడు. తర్వాత ఏమేమో అన్నాడు, అవన్నీ నాకు రావలసినవే. కాసేపటికి ఊపిరి తీసుకుని, ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు.

"సరే. అయిందేదో అయింది. అసలు టైం చెప్పు. అయ్యగారికి ఇప్పుడే ఫోన్ కొడ్త. కొత్తది రాయిస్త. గీమె డాక్టరా, కలెక్టరా, పెండ్లి ఎప్పుడు, అన్ని మల్ల తీయిస్త. చెప్పు."

అప్పుడు చూశాను. పిల్లను ఒక గూట్లోంచి తీసి ఇంకో గూట్లో పెట్టడానికి ఎంత ఆలస్యం? ఒక ఫోన్ అంత. వెన్నెల కూడా నా వైపే చూస్తోంది. ఆమె కూడా ఆ టైం కోసమే చూస్తోందా? నా నోట్లో ఉంది ఆ నిమిషం. నాలుక చివర.

"యాదికి లేదు పటేలా" అన్నాను.

"లెక్కల సారువి, నీకు యాదికి లేదా!"

"లేదు."

"ముందటనా, ఎనుకనా? పొద్దుగాలనా, పగటీలనా? ఏదో ఒకటి చెప్పు!"

"ఏమో మరి. నా గడియారం బందున్నది ఆ రోజు."

"దవాఖాన్ల రాసి ఉండదా?"

"గా దవాఖాన ఎన్నడో మూసిండ్రు మామా" అంది అక్క.

"పోనీ, పేరు మీద చూపిస్త."

"పేరు సుత గా అబద్ధానికి పెట్టిందే గద" అంది మళ్ళీ అక్కే.

ఆయన ఫోన్ ఒళ్ళో పెట్టుకున్నాడు. జీవితంలో మొదటిసారి ఆయన గొంతు చిన్నదయింది. "మరి గీ పిల్ల ఏం గావాలెనో ఎట్ల ఎరుకైతది?"

నోరు తెరవని బావ గోడవైపు చూస్తూ, "గామెనే అడుగున్రి" అన్నాడు. మేమందరం ఆయన వైపు తిరిగాం. ఆయన కూడా ఆశ్చర్యపోయినట్టే ఉన్నాడు.

వెన్నెల గ్లాసు గట్టు మీద పెట్టి లోపలికి పోయింది. నీళ్ళు నాకు ఇవ్వలేదు.

నేను బయటికి వచ్చి చెప్పులు వేసుకుంటుంటే గేటు దాకా వచ్చింది. "నిజంగ యాదికి లేదా మామా?"

"లేదు."

చాలాసేపు చూసింది. పుట్టిన రోజు చూసినట్టు, ఒక కన్నుతో కాదు, రెండు కళ్ళతో. నేను చూపు తిప్పుకోలేదు. "అబద్ధం" అంది. నవ్వలేదు. మళ్ళీ రమ్మనలేదు. గేటు వేసుకుంది.

తలుపు దగ్గరి మాట ఆమెకు చెప్పలేకపోయాను. సగం బస్తానే దించాను, మిగతా సగం మీ ముందు. ఎప్పుడైనా ఇది ఆమె చదివితే చదవనీ. క్షమించమని అడగను, అడిగితే సరే అంటుందేమోనని భయం. ఆమె ఏ కాలేజీలో చేరుతోందో అక్క చెప్పలేదు, నేను అడగలేదు.

ఆ నిమిషం మాత్రం నా దగ్గరే ఉంది, సెకన్లతో సహా. ఏ అయ్యగారికీ ఇవ్వను, ఏ కంప్యూటర్‌కూ ఇవ్వను, మీకూ ఇవ్వను. నాతోనే కాలిపోతుంది. నన్ను ఇరవై ఏళ్ళు ఇచ్చోడలో కూర్చోబెట్టిన నవగ్రహాల మీద నేను తీర్చుకున్న పగ ఇదొక్కటే: వెన్నెల ఇంటి నంబరు వాటికి తెలియదు. శని వచ్చినా, రాహువు వచ్చినా, గురువే వచ్చినా సరే, సుల్తానాబాద్ సందుల్లో ఏ తలుపు కొట్టాలో తెలియక తిరుగుతుండాలి.